గార్డు పెట్టె వచ్చేదాకా

మా చర్చిలో జబ్బు తగ్గినవాళ్ళు ఆదివారం ఆరాధన చివర లేచి సాక్ష్యం చెప్పాలి. రూలేమీ కాదు. కానీ చెప్పకపోతే ఈసారి జబ్బు చేసినప్పుడు ప్రార్థన కాస్త పల్చగా చేస్తారేమోనని అందరికీ లోలోపల ఒక అనుమానం. నాకు తగ్గి తొమ్మిది నెలలైంది. పాస్టరు అయ్యగారు మూడుసార్లు గుర్తు చేశారు. నిలబడి మాట్లాడితే నా నోటికి జోకులు తప్ప ఏమీ రావు, ముందు వరసలో పెద్దమ్మలు నొచ్చుకుంటారు. అందుకని రాసిస్తానని ఒప్పుకున్నాను. నా చేతిరాత బాగుంటుంది. జరిగిన పొరపాట్లలో ఒకటి ఆ చేతిరాత వల్లే జరిగింది.

చదివేవాళ్ళలో ఎవరైనా చేతిలో స్కాను చీటీ పట్టుకుని ఏ ఆసుపత్రి వరండాలోనో కూర్చుని ఉంటే, వాళ్ళకి ముందుగానే ఒక మాట. నేను బతికే ఉన్నాను. మిగతాది నిదానంగా చదువుకోవచ్చు.

జూన్ చివర

నాన్న బొబ్బిలి వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి రాయపూర్ వచ్చి, రిటైరై, చివరిదాకా ఇక్కడే ఉండిపోయాడు. మా ఇల్లు గుఢియారీ పేటలో. పట్టాలకి ఎంత దగ్గరంటే, గూడ్సు బండి వస్తే మాట మధ్యలో ఆపేసి, అది వెళ్ళాక అక్కణ్ణుంచే మళ్ళీ అందుకోవడం మా ఇంట్లో అందరికీ అలవాటు. పోట్లాటలు కూడా అలాగే జరుగుతాయి. నేను బీర్‌గావ్ పక్కన ఉర్లాలో ఒక రోలింగ్ మిల్లులో డిస్పాచ్ సెక్షన్లో పనిచేస్తాను. లారీ ఎన్నింటికి లోపలికొచ్చింది, ఎన్నింటికి బయటికెళ్ళింది, రాయడం. ఇరవై ఏళ్ళు ఇదే పని చేస్తే మనిషి ఎలా తయారవుతాడో మా ఆవిడ సుశీల చెబుతుంది. ఆవిడ హిందీ మీడియం బడిలో టీచరు, ఉదాహరణలతో సహా చెబుతుంది.

ఆ జూన్‌లో సాయంత్రమయ్యేసరికి జ్వరం వచ్చేది. మిల్లు డిస్పెన్సరీలో ఇచ్చిన మాత్రలు వేసుకుంటే పోయేది. మాత్రలు అయిపోతే జ్వరం డ్యూటీకి వచ్చేసేది. కుడివైపు పక్కటెముకల కింద ఎవరో ఇటుక పెట్టి మరిచిపోయినట్టు బరువు. బెల్టుకి రెండు కన్నాలు కొత్తగా పొడిపించాను. సన్నబడ్డావని మిల్లులో అందరూ మెచ్చుకున్నారు. ఏం తింటున్నావని ఒకతను సీరియస్‌గా అడిగి కాగితం మీద రాసుకున్నాడు.

మొదట అల్ట్రాసౌండ్ తీశారు. తర్వాత సీటీ అన్నారు. సీటీ ఫిల్ము దీపానికి ఎదురుగా పెట్టి డాక్టరు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. డాక్టర్లు మాట్లాడితే నాకు భయం లేదు. తర్వాత ఆయన కాలేయంలో నిమ్మకాయంత మచ్చ ఉందనీ, అది ఇదీ కావచ్చు, అదీ కావచ్చు, ఈ బొమ్మతో తేలదనీ చెప్పాడు. రెండోదాని పేరు మాత్రం ఉచ్చరించలేదు. మర్యాదస్తుడు. ఎమ్మారై రాసి, దాని పక్కన డిఫ్యూజన్ అని ఇంకో ముక్క రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు. స్కాను సెంటర్లో పన్నెండు రోజుల తర్వాతికి టైము ఇచ్చారు.

ఇంటికొచ్చి సుశీలకి గ్యాస్ అని చెప్పాను. తను నమ్మినట్టు ఊరుకుంది. మా అమ్మాయి రూతు కాలేజీ నుంచి వచ్చి, గ్యాస్‌కి ఇంత పెద్ద కవరు ఇస్తారా అని అడిగింది. ఈ రోజుల్లో అంతా ప్యాకింగే అన్నాను.

నిజానికి నేను చెప్పుకోవాలనుకున్న మనిషి వేరే ఉంది. విమలక్క. నాకంటే పదకొండేళ్ళు పెద్ద. అమ్మకి ఉబ్బసం, నాన్నకి షిఫ్టులు, కాబట్టి నాకు తల దువ్వి బడికి పంపింది అక్కే. నర్సు ట్రైనింగుకి విజయనగరం వెళ్ళి, అక్కడే పెళ్ళి చేసుకుని, అక్కడి ఆసుపత్రిలోనే రిటైరైంది. సీటీ కవరు పట్టుకుని ఆటోలో వస్తున్నంతసేపూ నా వేలు ఫోన్లో ఆమె నంబరు మీదే ఉంది. నొక్కలేదు. ఆరేళ్ళుగా మా మధ్య మాటల్లేవు.

అదీ చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. అమ్మ ఒక మే నెలలో తెల్లవారకముందే పోయింది. అక్క దొరికిన బండెక్కింది. రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చే ఆ బండి మధ్యాహ్నం రెండింటికి రావాలి. నేను చర్చి కార్యదర్శిని. బయటి బోర్డు మీద సుద్దముక్కతో గుండ్రటి అక్షరాల్లో, భూస్థాపన సాయంత్రం నాలుగు గంటలకు, అని రాశాను. బండి దారిలో ఎక్కడో ఆగిపోయింది. నాలుగైంది. పెద్దలు నా మొహం చూశారు. ఎండ, మంచుపెట్టె, కరెంటు, సాకులన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఒక్కటీ వాడుకోవాల్సిన పని లేకుండా నేనే అన్నాను, బోర్డు మీద నాలుగని రాశాం కదా అని. అక్క ఆరింటికి వచ్చింది. మట్టి ఇంకా తడిగా ఉంది.

"రెండు గంటలు ఆగలేకపోయావేట్రా," అంది.

అంతే. ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా తిరుగు బండికి వెళ్ళిపోయింది. తర్వాత ప్రతి క్రిస్మస్‌కీ సుశీలకీ, రూతుకీ ఫోన్ చేసేది. నేను పక్క గదిలో పేపరు చదువుతూ ఉండేవాణ్ణి. ఒకే పేజీ.

జూలై, రెండో ఆదివారం

మా చర్చి గుమ్మం పక్కన ఒక చెక్కపెట్టె ఉంది. ప్రార్థన విన్నపాలు చీటీ మీద రాసి అందులో వేయాలి, పేరు రాయనక్కర్లేదు. అయ్యగారు ఆరాధనలో ఒక్కొక్కటే పైకి చదువుతారు. అమ్మాయి సంబంధం, అబ్బాయి సప్లిమెంటరీ, ఎదురింటివాళ్ళ కుక్క. పేర్లు ఉండవు కాబట్టి ఎవరిదో ఊహించడమే ఆరాధనలో అందరూ శ్రద్ధగా ఉండే ఘట్టం.

నేనూ ఒక చీటీ వేశాను. ఒక సహోదరుని కాలేయంలో కణితి ఉందేమోనని అనుమానం, స్కాను ఉంది, ఆయన కోసమూ, దూరంగా ఉన్న ఆయన అక్క కోసమూ ప్రార్థించండి, అని. అక్క సంగతి రాయాలని అనుకోలేదు. పెన్ను రాసేసింది.

పేరు లేదు, కాగితం మిల్లుది కాదు, ఎవరూ చూడకుండా వేశాను. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న మనిషి ఒక్క సంగతి మరిచిపోయాడు. మా చర్చిలో తెలుగు పాడేవాళ్ళు నూటికి పైగా ఉన్నారు. తెలుగు రాయగలిగేవాళ్ళు ముగ్గురు. మా పిల్లలంతా తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకుని పాడతారు. చీటీలన్నీ హిందీ అక్షరాల్లోనే వస్తాయి. ఆ ముగ్గురిలో ఒకరు అయ్యగారు. ఇంకొకరు మరియమ్మ మామ్మ, ఆవిడకి ఎనభై దాటాయి, అక్షరాలు వణుకుతాయి. మూడోది బోర్డు మీద ప్రతి వారం అందరూ చూసే రాత.

అయ్యగారు చీటీ విప్పారు. చదవడం మొదలుపెట్టకముందే తలెత్తి నా వైపు చూశారు. చాలా మంచి మనిషి, మొహంలో ఏదీ దాచలేరు. ఆయన ఎటు చూశారో చూడటానికి ముందు వరసలు తిరిగాయి, ముందు వరసలు ఎందుకు తిరిగాయో చూడటానికి వెనక వరసలు తిరిగాయి. స్త్రీల వైపు మూడో బల్లలో సుశీల తిరగలేదు. ఒళ్ళో ఉన్న పుస్తకం మూసింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు స్కూటర్ మీద నా భుజం పట్టుకోలేదు. వెనక హ్యాండిల్ పట్టుకుంది. లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు పడితే, పావుగంట ఇద్దరం ముందున్న ట్రాక్టర్ నంబరు చదువుతూ నిలబడ్డాం.

"గ్యాస్ అన్నారు," అంది ఇంట్లోకి వచ్చాక.

"మొదట గ్యాసే అనుకున్నారు."

"డబ్బాలో వేసి ఊరందరికీ చెప్పారు. నేనెవర్ని మీకు, పక్కింటి పడోసన్‌నా?" కుక్కర్ మూత రెండుసార్లు తప్పుగా పెట్టి మూడోసారి సరిగ్గా పెట్టింది. "ఇరవై మూడేళ్ళు. హద్ హై. మీకు భయమేస్తే నాకు చెప్పాలని కూడా తట్టదు."

భయం కాదన్నాను. అప్పుడే గూడ్సు బండి వచ్చింది. అది పొడుగాటి బండి. మామూలుగా అయితే అది వెళ్ళాక మాట అందుకోవాలి. సుశీల అందుకోలేదు. వచ్చి నా పక్కన కూర్చుని, ఆ మచ్చ ఎక్కడ అని అడిగింది. చూపించాను. అక్కడ చెయ్యి పెట్టుకుని కూర్చుంది, కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో ఇద్దరం లెక్కపెట్టలేదు. పప్పు అడుగంటింది.

ఆ వారమంతా టిఫిన్ డబ్బాలు వచ్చాయి. నాకు ఆకలే ఉండేది కాదు. ఆనపకాయ రసం, బొప్పాయి ఆకు రసం, ఒకరి తోడల్లుడికి ఇలాగే ఉండి గోధుమ గడ్డితో మాయమైందన్న వార్త. ఒకాయన వచ్చి నన్ను ఎగాదిగా చూసి, మొహంలో కళ ఉందండీ, ఫర్వాలేదు, అన్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో సుశీలతో వేరేలా మాట్లాడాడు. మా ఇంట్లో గోడలు పల్చన.

మంగళవారం సుశీల ఫోన్ మోగింది. అయ్యగారి భార్యది విజయనగరమే. ఆవిడ ఉన్న ప్రార్థన గ్రూపులో నా చీటీని ఫోటో తీసి పెట్టింది. పేరు లేదు కదా అనుకుంది, పాపం. ఆ గ్రూపులో విమలక్క కూడా ఉంది. నాకు అక్షరాలు దిద్దించిందే ఆవిడ.

నేను వంటింటి గుమ్మం దగ్గర, గేటు పాసు లేని లారీలాగ నిలబడ్డాను. ఆఁ వదినా, అవును వదినా, అని సుశీల అంటోంది. అవతలినుంచి అక్క రిపోర్టు ఫోటోలు పంపమంది. జ్వరం ఎప్పుడొస్తోంది, చలి ఉందా, ఏ మాత్రలు వేసుకున్నాడు, పచ్చకామెర్లున్నాయా అని వరసగా అడుగుతోంది. వాడికివ్వు అంటుందేమోనని చెయ్యి తుడుచుకుని సిద్ధంగా ఉన్నాను. అనలేదు. సుశీల ఫోన్ పెట్టేసి, గురువారం పొద్దున్న ఎనిమిదిన్నరకి దిగుతారట, స్కాను టైముకి ఉంటానన్నారు, అని చెప్పింది.

అక్క నన్ను ఏమైనా అడిగిందా అన్నాను.

"బెల్టు ఎన్నో కన్నానికి వచ్చిందో అడిగారు."

స్కాను గురువారం

పదకొండు గంటలకి నా టైము. ఖాళీ కడుపుతో రావాలన్నారు. రూతు తన స్కూటీ మీద స్టేషనుకి వెళ్ళింది. మేమిద్దరం స్కాను సెంటర్‌కి వెళ్ళాం. ఆ హాల్లో గోడకి ఒక టీవీ ఉంది, ఉపవాసంతో కూర్చున్న ఇరవై మంది ముందు అందులో ఎవరో నెయ్యిలో జీలకర్ర వేయిస్తున్నారు. ఏసీ చలి. అందరి ఒళ్ళోనూ ఒకే సైజు కవర్లు. ఎవరూ ఎవరి కవరు గురించీ అడగరు. కానీ కొత్తవాళ్ళు వస్తే జరిగి చోటిస్తారు. ఆ హాల్లో నేను నేర్చుకున్న మొదటి మర్యాద అది.

తొమ్మిదికి రూతు ఫోన్ చేసింది. బండి రాలేదు. పదికి, రాయపూర్‌కి గంట ముందొచ్చే మహాసముంద్ కూడా చేరలేదు. పదిన్నరకి, అసలు ఎక్కడుందో ఎవరూ చెప్పడం లేదు.

పదకొండుకి ఐదు నిమిషాలుండగా టెక్నీషియన్ మేడమ్ తలుపు తీసి నా పేరు పిలిచింది. లేచాను. మళ్ళీ కూర్చున్నాను. నా సంగతి నాకు తెలుసు. నేను టైము దాటించే మనిషిని కాను. లోపలికి వెళితే ఒక గంటలో అయిపోతుంది, అక్క వచ్చేసరికి కాఫీ తాగుతూ ఉండొచ్చు. కానీ ఆ బొమ్మలో ఏముందో తేలకముందే ఒకసారి ఆమెని చూడాలని ఉంది. తేలిన తర్వాత ఆమె చూసే చూపు వేరే ఉంటుంది, అది మంచిదైనా చెడ్డదైనా. నాకు ముందటి చూపు కావాలి.

మా అక్క వస్తోంది, కాసేపు ఆగొచ్చా అని అడిగాను.

"సర్, మషీన్ కిసీ కా ఇంతజార్ నహీఁ కర్తీ," అంది ఆవిడ. యంత్రం ఎవరి కోసమూ ఆగదట. ఈ మాట ఇరవై ఏళ్ళుగా లారీ డ్రైవర్లకి నేను చెబుతున్నదే. వినేవైపు నుంచి ఇలా ఉంటుందని తెలీదు. ఇవాళ వదులుకుంటే మళ్ళీ పది రోజులకి గానీ దొరకదని కూడా చెప్పింది. కావాలంటే ఎవరితోనైనా మార్చుకోండి, చివరి నంబరు ఒంటిగంటకి, అంది.

చివరి నంబరు అభన్‌పూర్ వైపు నుంచి నడుం నొప్పితో వచ్చిన ఒక ముసలి రైతుది. ఆయన కూర్చోలేడు, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నా చీటీ ఆయనకిచ్చి ఆయనది నేను తీసుకుంటానంటే ముందు నమ్మలేదు. లోపలికి వెళ్ళబోతూ ఆగి, "కాకర్ రద్దా దేఖత్ హస్?" అని అడిగాడు, ఎవరి దారి చూస్తున్నావని. అక్క దారి అన్నాను. అదేదో చాలా సబబైన పని అన్నట్టు తలూపి వెళ్ళాడు.

సుశీల నన్ను చూసింది. "ఇప్పుడు గుర్తొచ్చిందా మీకు ఆగడం?"

"రెండు గంటలే."

 సుశీల తన బ్యాగు తీసి మా ఇద్దరి మధ్య ఉన్న ఖాళీ కుర్చీలో పెట్టింది. ఆ తర్వాత గంటన్నరలో ఎంతమంది వచ్చి ఆ కుర్చీ అడిగినా, కోయీ ఆ రహా హై, ఒకరు వస్తున్నారు, అని చెబుతూ వచ్చింది. ఇరవై మూడేళ్ళ కాపురంలో నాకు చాలా వండి పెట్టింది. కానీ ఆ కుర్చీని తలుచుకున్నంతగా నేను ఏ వంటనీ తలుచుకోలేదు.

పన్నెండున్నరకి అక్క వచ్చింది. ఆరేళ్ళలో పొట్టిదైపోయింది. జుట్టంతా తెల్లబడింది. నడక మాత్రం అదే, వార్డులో నడిచే నడక, చప్పుడు చెయ్యదు, ఆగదు. ప్లాస్టిక్ బుట్ట కింద పెట్టి, నా కింది కనురెప్ప లాగి లోపల చూసింది. అదీ పలకరింపు.

"స్కాను ఎన్నింటికి?"

"పదకొండుకి."

"ఇప్పుడెంతైంది?"

"పన్నెండున్నర."

"మరి లోపలికెందుకెళ్ళలేదు?"

"నువ్వు రాలేదు కదా."

అక్క నా చేతిలో చీటీ తీసుకుని నంబరు చూసింది. 

"బుద్ధుందేట్రా నీకు?" అంది, గొంతు పెంచకుండానే. "ఆగాల్సింది పోయిన మనిషి కోసంరా. బతకాల్సినోడివి, నువ్వెందుకాగేవు?"

 సుశీల బ్యాగు తీసింది. అక్క ఆ కుర్చీలో కూర్చుని నా మణికట్టు పట్టుకుని, తన గడియారం వైపు చూస్తూ నాడి లెక్కపెట్టింది. నాడి చూడటానికి ఒక నిమిషం చాలు. టెక్నీషియన్ మేడమ్ మళ్ళీ నా పేరు పిలిచేదాకా అక్క చూస్తూనే ఉంది.

లోపల బెల్టు తీయమన్నారు. ఇన్ని కన్నాలున్న బెల్టుని ఆవిడ చుట్టచుట్టి పక్కన పెట్టింది. ఒక గొట్టంలోకి పంపారు. అందులో రికార్డు చేసిన గొంతు ఒకటి హిందీలో, ఊపిరి పీల్చండి, వదలండి, ఆపండి, అంటుంది. ఆపాలి. ఎంతసేపు అన్నది దాని ఇష్టం. మధ్యలో ఒకసారి బల్ల వణికింది. ఇది డిఫ్యూజన్, బల్ల ఊగుతుంది, భయపడకండి అని ముందే చెప్పారు. మా ఇల్లు రోజుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆవిడకి తెలీదు.

ఊపిరి ఆపినప్పుడల్లా నాకు మా రైల్వే క్వార్టర్స్ కిటికీ కనిపించింది. నాకు ఐదేళ్ళు. గూడ్సు బండి ఇంజను కనిపించగానే ఊపిరి బిగబట్టాలి, చివర గార్డు పెట్టె పోయేదాకా వదలకూడదు. అది మా ఆట. అక్క నన్ను కిటికీలో నిలబెట్టి వెనక నుంచి పట్టుకునేది. నా మొహం ఎర్రబడేసరికి కళ్ళు మూసి, గార్డు పెట్టె వచ్చేసిందిరా చిన్నా, వదిలేయ్, అనేది. నేను హమ్మయ్య అని వదిలేవాణ్ణి. కళ్ళ మీంచి చెయ్యి తీసేసరికి కిటికీ ముందు ఇంకా పెట్టెలు పోతూనే ఉండేవి. అది ఇంకో బండి అని చెప్పేది. చాలా ఏళ్ళు నమ్మాను.

ఆ గొట్టంలో, వదిలేయ్ అనే ఆ గొంతు కోసం చెవులు రిక్కించాను. రికార్డు గొంతు, సాంస్ ఛోడియే, అంది. మంచి గొంతే. అది కాదు.

శనివారం

ఫలితం చెప్పింది రేడియాలజిస్టు, నడివయసు ఆవిడ. కంప్యూటర్ ముందు ముగ్గురినీ కూర్చోబెట్టి హిందీలో చెప్పింది. ఒళ్ళంతా నీళ్ళేనట, ఆ నీళ్ళు ఎక్కడ స్వేచ్ఛగా తిరుగుతున్నాయో, ఎక్కడ ఇరుక్కున్నాయో ఈ బొమ్మ చూపిస్తుందట. ఇరుక్కున్నచోట మెరుస్తుంది. ఆదివారం సంతలో జనం కదల్లేరు చూడండి, అలాగ, అంది. సంత జరిగే గుఢియారీ మనిషిని, వెంటనే అర్థమైంది. తెరమీద నా నిమ్మకాయ పెళ్ళివారి దీపంలా మెరుస్తోంది. సుశీల నా చొక్కా చివర పట్టుకుంది.

మెరిసిందల్లా చెడ్డది కాదట. కణితి అయి మధ్యలో కుళ్ళితే, మామూలుగా చుట్టూ అంచు మెరుస్తుంది, నడుమ నీళ్ళు కదులుతాయి. మీది తిరగబడి ఉంది, నడుమే గట్టిగా ఇరుక్కుపోయి ఉంది, అంటూ దాన్ని సరిచూసే ఇంకో బొమ్మ తీసింది. అందులో అదే చోటు నల్లగా ఉంది. సూది పెట్టి చూసేదాకా రాసివ్వలేను కానీ, ఇది చీములా ఉంది అంది. మాత్రలు వేసుకుంటూ మానేస్తూ ఉండటం వల్ల జ్వరం దాక్కుందట, అందుకే సీటీలో పోల్చుకోవడం కష్టమైందట.

"చీమేనా?" అంది అక్క.

"చీమేనట," అంది సుశీల.

చీము అనే మాటకి ఒక కుటుంబం అంత ముచ్చటపడటం ఆ డాక్టరమ్మ అదివరకు చూసి ఉండదు. రూతుకి ఫోన్ చేసి చెబితే అది కాలేజీ మెట్లమీద ఏడ్చిందట, చుట్టూ ఉన్నవాళ్ళు ఏమైందని అడిగితే, మా నాన్నకి చీము, అందట.

సోమవారం ఆసుపత్రిలో సూది పెట్టారు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు. అక్క పాత నర్సునని చెప్పింది. అడగలేదు, చెప్పింది. నన్ను ఎడమవైపుకి తిప్పి పడుకోబెట్టారు. కదలకండి, ఊపిరి ఆపండి అన్నాడు డాక్టరు. ఆపాను. మత్తు ఇచ్చినా లోపలేదో పట్టాలు మారుతున్నట్టు తెలుస్తోంది. ఎదురుగా ఆకుపచ్చ గోడ. ఇంకా చీము కాదేమో అన్న మాట ఆ గోడ మీదే ఉంది. డాక్టరు సూది పని ముగించి, సన్నటి గొట్టం అమర్చి, నర్సుతో ఏదో మాట్లాడుతున్నాడు. నన్ను ఊపిరి వదలమనడం మరిచిపోయాడు. నేనూ చెప్పినమాట వినే మనిషిని.

తల దగ్గర చెయ్యి తగిలింది. కళ్ళ మీద పడింది.

"గార్డు పెట్టె వచ్చేసిందిరా చిన్నా," అంది అక్క. "వదిలేయ్."

వదిలేశాను. కళ్ళ మీంచి చెయ్యి తీసి తను ట్రేలోకి చూసింది, ముప్ఫై ఏళ్ళ నర్సు చూపు. చీమేరా, అంది. రంగు రాయను, భోంచేసి చదివేవాళ్ళుంటారు. నా కళ్ళల్లో నీళ్ళు చూసి డాక్టరు, దర్ద్ హై క్యా, నొప్పా, అన్నాడు. హై, అన్నాను. అలాగే రాసుకున్నాడు.

ఆగస్టు

గొట్టం తొమ్మిది రోజులుంది. మాత్రలు నెల దాటి నడిచాయి. అక్క మా ఇంట్లో ఐదు వారాలుంది. సుశీల వంటింట్లో ఉప్పు డబ్బా చోటు మారింది, దాని మీద రెండు రోజులు ప్రచ్ఛన్న యుద్ధం జరిగి, చివరికి డబ్బా మధ్యలో నిలిచింది. బావగారికి వంట రాదని, మోకాళ్ళు పట్టేశాయని విజయనగరం నుంచి రోజూ ఫోన్లు. ఆయన ఫోన్ మోగినప్పుడల్లా నాకు కుడివైపు కాస్త నొప్పి పెట్టేది. నిజమైన నొప్పి కాదు. అక్క ఇంకో వారం ఉండేందుకు సరిపోయేంత.

ఒక సాయంత్రం, అమ్మ దగ్గరికెళ్దాం అంది. సమాధులతోటలో వర్షానికి గడ్డి మోకాలెత్తు పెరిగింది. అక్క కొంగు దోపుకుని గడ్డి పీకింది. నన్ను వంగనివ్వలేదు. తర్వాత అక్కడే గట్టు మీద కూర్చుంది. నేను వేపచెట్టు దగ్గర నిలబడ్డాను. క్షమించు అనే మాట మా ఇంట్లో ప్రార్థనలో తప్ప వాడం, అందుకని వాడలేదు. ఆవిడా అడగలేదు. ఎంతసేపు కూర్చుందో నేను చూడలేదు. సుశీల చూసింది. రెండు గంటలు దాటిందట.

వెళ్ళేరోజు ప్లాట్‌ఫారం మీద, ఆశ్చర్యంగా, బండి టైముకే వచ్చింది. కిటికీలోంచి చేయి బయట పెట్టి, మందులు, గోరువెచ్చని నీళ్ళు, బయటి చాట్ తినొద్దు, అన్నీ చెప్పింది. తర్వాత అంది, మేలో అమ్మ జ్ఞాపకార్థ కూడిక పెడతారు కదా, వస్తాను అని.

"బోర్డు మీద ఎన్నింటికని రాయను?" అన్నాను.

"నాకేటి తెలుసు? బండినడుగు."

కదిలింది. మా వైపు బళ్ళలో గార్డు పెట్టె చివర ఉంటుంది. అది పోయేదాకా నిలబడ్డాను. ఊపిరి సంగతి చెప్పను.

ఆ తర్వాత ఇంట్లో ఏమీ మారలేదు. ఉప్పు డబ్బా తన పాత చోటికి వెళ్ళింది. గూడ్సు బండి వచ్చి పోయాక మాట అందుకోవడానికి ఒక మనిషి తక్కువయ్యారు, అంతే. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటాం. వేసుకున్నావా అంటుంది, వేసుకున్నాను అంటాను. మాత్రలు మానేసి ఎనిమిది నెలలైంది. ఆవిడకీ తెలుసు. ఒంట్లో బాగానే ఉంది, బెల్టు పాత కన్నానికి వచ్చింది. అయినా ఆ గురువారం ఏసీ హాల్లో, ఖాళీ కడుపుతో, నా మణికట్టు ఆవిడ చేతిలో ఉన్న ఆ కాసేపటి కోసం ఇంకోసారి ఆ చలిలో కూర్చోమన్నా కూర్చుంటాను. జబ్బు తగ్గినవాళ్ళు ఇలాంటివి పైకి అనకూడదు. అందుకే లేచి చెప్పకుండా రాస్తున్నాను.

ఈ మే

నిన్న బోర్డు తుడిచి రాశాను. జ్ఞాపకార్థ కూడిక, ఆదివారం, అక్క వచ్చాక.

పిల్లలు చదవలేరు కాబట్టి పొద్దున్నుంచీ అడుగుతున్నారు, అంకుల్, కితనే బజే, ఎన్నింటికని. బోర్డు మీద రాసే ఉందని చెబుతున్నాను. మరియమ్మ మామ్మ మాత్రం కళ్ళద్దాలు సర్దుకుని చదివి, నన్ను చూసి, లోపలికి వెళ్ళి కూర్చుంది. అయ్యగారు కూర్చున్నారు. సుశీల ముందు వరసలో ఒక కుర్చీలో తన బ్యాగు పెట్టింది.

బండి రెండింటికి రావాలి. ఇప్పుడు నాలుగూ పది. ఈ కాగితాలన్నీ ఈ బల్ల మీదే రాశాను, చేతిరాత కాస్త చెదిరింది. రూతు స్టేషన్ నుంచి ఇప్పుడే ఫోన్ చేసింది. బండి ఇంకా మహాసముంద్ దాటలేదట.

ఫర్వాలేదని చెప్పాను.